గడ్డి మిషన్ ఇంజిన్‌తో మొదలైన సెన్నా

మా గో-కార్ట్ టీమ్ వాట్సాప్ గ్రూప్ డీపీ ఒక పసుపు రంగు హెల్మెట్. దాని మీద ఆకుపచ్చ, నీలం పట్టీలు. గ్రూప్‌లో చేరిన ప్రతి జూనియర్ మొదట అడిగేది ఆ హెల్మెట్ ఎవరిదనే. ఐర్టన్ సెన్నాదని చెప్తాం. మూడుసార్లు ఫార్ములా వన్ ప్రపంచ ఛాంపియన్ అనీ, 41 రేసులు గెలిచాడనీ, 1994లో రేస్‌లోనే చనిపోయాడనీ చెప్తాం. సెకండ్ ఇయర్ దాకా నాకూ అంతకుమించి తెలీదు. ఆ మనిషి జీవితాన్ని కూర్చుని మొదటినుంచీ చదవాల్సిన పరిస్థితి నాకు ఒక గోడ వల్ల వచ్చింది. ఆ గోడ సంగతి మధ్యలో చెప్తాను. ముందు సెన్నా సంగతి.

నాలుగేళ్ళ పిల్లాడు, ఒక్క హార్స్‌పవర్

1960 మార్చి 21న బ్రెజిల్‌లోని సావో పాలోలో పుట్టాడు. పూర్తి పేరు ఐర్టన్ సెన్నా డ సిల్వా. నాన్న మిల్టన్ డ సిల్వాకి ఫ్యాక్టరీ ఉంది, పొలాలున్నాయి. అమ్మ పేరు నేయిడీ. ఒక అక్క, ఒక తమ్ముడు. ఇంట్లో అందరూ బెకో అని పిలిచేవాళ్ళు. కలిగిన కుటుంబమే. కటిక పేదరికం నుంచి పైకొచ్చిన హీరో కథ ఇది కాదని ముందే చెప్పేస్తున్నాను.

కానీ ఆ పిల్లాడికి వేరే ఇబ్బంది ఉండేది. మూడేళ్ళొచ్చినా మెట్లెక్కడం సరిగ్గా రాలేదు. కాళ్ళూ చేతులూ చెప్పిన మాట వినేవి కావు. అమ్మానాన్నా కంగారుపడి డాక్టర్లకి చూపిస్తే, మెదడుకి ఈఈజీ పరీక్ష చేసి ఏ లోపమూ లేదని తేల్చారు. సరే అని ఇంటికి తీసుకొచ్చేశారు. ఆ తరవాత వాడికి నాలుగేళ్ళప్పుడు నాన్న ఒక పని చేశాడు. గడ్డి కోసే మిషన్ ఇంజిన్‌ ఒకటి తీసుకుని చిన్న కార్ట్‌కి బిగించి కొడుకుని అందులో కూర్చోబెట్టాడు. ఆ ఇంజిన్ శక్తి ఒక్క హార్స్‌పవర్, అంటే 746 వాట్లు. మన హాస్టల్లో ఇస్త్రీపెట్టె లాగే కరెంటు దాదాపు అంత ఉంటుంది.

మెట్లెక్కడానికి తడబడిన పిల్లాడు ఆ కార్ట్‌లో కూర్చోగానే స్టీరింగ్ పట్టుకుని బుద్ధిగా నడిపాడు. ఏడేళ్ళకి వాళ్ళ పొలంలో జీపు నడపడం నేర్చుకున్నాడు. అదీ క్లచ్ తొక్కకుండా, ఇంజిన్ చప్పుడు విని, సరైన వేగం దగ్గర గేరు మార్చడం. మనలో కొందరికి డ్రైవింగ్ టెస్టులో క్లచ్ తొక్కినా గేరు పడదు, అది వేరే విషయం.

గడ్డి మిషన్ ఇంజిన్ అంటే అంత తేలికా?

ఇక్కడ కాస్త ఆగాలి. చెప్పడానికి ఒక్క వాక్యమే. గడ్డి మిషన్ ఇంజిన్ తీసి కార్ట్‌కి బిగించాడు, అయిపోయింది. చేసి చూస్తే తెలుస్తుంది దాని సంగతి.

నిజానికి గో-కార్ట్ అనే బండి పుట్టిందే అలాంటి ఇంజిన్‌తో. 1956లో అమెరికాలోని కాలిఫోర్నియాలో ఆర్ట్ ఇంగెల్స్ అనే ఆయన మొట్టమొదటి కార్ట్ తయారు చేశాడు. కర్టిస్ క్రాఫ్ట్ అనే రేసు కార్ల కంపెనీలో పనిచేసేవాడు. గడ్డి మిషన్ల కోసం చేసి మిగిలిపోయిన వెస్ట్ బెండ్ టూ స్ట్రోక్ ఇంజిన్ ఒకటి తీసుకుని, ఇనుప గొట్టాలతో చేసిన ఫ్రేమ్ వెనకాల బిగించాడు. నాలుగు చక్రాలు, ఒక సీటు, ఒక స్టీరింగ్. అంతే. నాలుగైదేళ్ళలో ఆ పిచ్చి దేశాలు దాటింది. అంటే బ్రెజిల్‌లో మిల్టన్ డ సిల్వా కొడుకు కోసం స్పానర్ పట్టుకునే నాటికి కార్ట్ వయసు పదేళ్ళు కూడా లేదు.

మేము మొదలుపెట్టినప్పుడు పాత ఇనుప సామాన్ల కొట్టులో ఒక గడ్డి మిషన్ దొరికింది. బేరమాడి తెచ్చుకున్నాం. ఫోర్ స్ట్రోక్ ఇంజిన్. మొదటి తలనొప్పి షాఫ్ట్. గడ్డి మిషన్లో బ్లేడు నేలకి సమాంతరంగా తిరగాలి కాబట్టి ఇలాంటివాటిలో ఇంజిన్ షాఫ్ట్ నిలువుగా కిందికి దిగుతుంది. కార్ట్ యాక్సిల్ మాత్రం అడ్డంగా ఉంటుంది. ఇంజిన్‌నే పక్కకి పడుకోబెడితే పోలా అని మా వాడొకడు ఐడియా ఇచ్చాడు. వర్క్‌షాప్ సార్ తల పట్టుకున్నారు. ఫోర్ స్ట్రోక్ ఇంజిన్లో ఆయిల్ అడుగున ఉంటుంది, పడుకోబెడితే అది అందాల్సిన చోటికి అందదు, కార్బురేటర్లో ఫ్లోట్ కూడా పనిచేయదు, పది నిమిషాల్లో పిస్టన్ పట్టేస్తుందని చెప్పారు. చివరికి నిలువు షాఫ్ట్ నుంచి అడ్డ షాఫ్ట్‌కి బెల్టుని పావు మెలిక తిప్పి వేశాం.

రెండో తలనొప్పి బ్లేడు. దాన్ని పీకేశాక తాడు లాగితే ఇంజిన్ స్టార్ట్ అవకపోగా తాడుని వెనక్కి గుంజేది. వేళ్ళు వాచిపోయాయి. తరవాత అర్థమైంది. ఆ ఇంజిన్లో ఫ్లైవీల్ తేలిగ్గా ఉంటుంది, మిగతా బరువు పని బ్లేడే చేస్తుంది. బ్లేడు బదులు బరువైన పుల్లీ వేశాకే దారికొచ్చింది.

మూడోది లెక్క. ఇంజిన్ నిమిషానికి 3600 చుట్లు తిరుగుతుంది. అదే వేగం చక్రానికి ఇస్తే కార్ట్ కదలదు, అంత బలం దానికి లేదు. ఎనిమిదో వంతుకి తగ్గించాం. చక్రం 450 చుట్లు. చక్రం చుట్టుకొలత 0.8 మీటర్లు. నిమిషానికి 360 మీటర్లు, అంటే గంటకి 21.6 కిలోమీటర్లు. కాగితం మీద చూసి అందరం పెదవి విరిచాం. మరీ ఇంత నెమ్మదా అని. ఈ అంకె గుర్తుపెట్టుకోండి, మళ్ళీ వస్తుంది.

చిన్న ఇంజిన్ నేర్పిన పాఠం

సెన్నాకి 13 ఏళ్ళొచ్చాక, 1973లో, ఇంటర్‌లాగోస్‌లో మొదటిసారి కార్ట్ పోటీలో దిగాడు. తనకంటే వయసులో పెద్దవాళ్ళతో పోటీ. మొదటి స్థానం నుంచి బయల్దేరి, రేస్‌లో చాలాభాగం ముందుండి, చివరికి ఇంకో కార్ట్ తగిలి బయటికి పోయాడు. 1977లో దక్షిణ అమెరికా కార్టింగ్ ఛాంపియన్ అయ్యాడు. స్పెయిన్ నుంచి వచ్చి సావో పాలోలో స్థిరపడిన లూసియో పాస్కువల్ గాస్కోన్ అనే మెకానిక్ అతని ఇంజిన్లు చూసేవాడు. అందరూ ఆయన్ని చే అని పిలిచేవాళ్ళు. సెన్నా ఆయన వర్క్‌షాప్‌లో కూర్చుని ఇంజిన్ విప్పడం, బిగించడం దగ్గరుండి చూసేవాడు.

కార్ట్‌లో వేగంగా వెళ్ళడమంటే యాక్సిలరేటర్ గట్టిగా తొక్కడం కాదు. చిన్న ఇంజిన్‌కి ఒకసారి వేగం పోతే మళ్ళీ రావడానికి చాలాసేపు పడుతుంది. అందుకని మలుపులో వేగం పోగొట్టుకోకుండా ఉండడమే అసలు విద్య. పైగా కార్ట్‌కి డిఫరెన్షియల్ ఉండదు. వెనక రెండు చక్రాలూ ఒకే యాక్సిల్‌కి బిగించి ఉంటాయి, రెండూ ఒకే వేగంతో తిరుగుతాయి. మలుపులో లోపలి చక్రం తక్కువ దూరం పోవాలి, బయటిది ఎక్కువ దూరం పోవాలి. రెండూ కలిసి తిరిగితే బండి తిరగనని మొరాయిస్తుంది. స్టీరింగ్ తిప్పగానే ఫ్రేమ్ కొద్దిగా మెలికపడి లోపలి వెనక చక్రం నేలనుంచి లేవాలి. అది ఎప్పుడు లేచిందో, ఎప్పుడు దిగిందో డ్రైవర్‌కి నడుము దగ్గర తెలియాలి. కార్ట్‌కి స్ప్రింగులు లేవు, షాక్ అబ్జార్బర్లు లేవు. రోడ్డు చెప్పే ప్రతి మాటా నేరుగా ఒంటికి తగులుతుంది. మెట్ల మీద తడబడిన పిల్లాడి ఒళ్ళు అలా విద్య నేర్చుకుంది.

ఒక రేస్‌లో వాన పడింది. సెన్నా చిత్తుగా ఓడిపోయాడు. అందరూ దాటేసి వెళ్ళిపోయారు. ఆ తరవాత సావో పాలోలో ఎప్పుడు వాన పడినా కార్ట్ తీసుకుని ట్రాక్ మీదికి వెళ్ళేవాడు. తడిసి ముద్దయ్యి, జారి, పడి, మళ్ళీ మళ్ళీ తిరిగేవాడు. ప్రపంచం తరవాత వాన రేసుల్లో చూసిన సెన్నా అక్కడ తయారయ్యాడు.

1978లో ఇటలీ వెళ్ళి మిలాన్‌లోని డీఏపీ అనే కార్ట్ కంపెనీ జట్టులో చేరాడు. అవి 100 సీసీ టూ స్ట్రోక్ కార్ట్‌లు. గేర్లు లేవు, క్లచ్ లేదు. టూ స్ట్రోక్‌లో ఆయిల్ పెట్రోల్‌తో కలిసే లోపలికి వెళ్తుంది కాబట్టి, పొడవైన దారి చివర యాక్సిలరేటర్ వదిలేస్తే పెట్రోల్‌తోపాటు ఆయిల్ కూడా ఆగిపోయి ఇంజిన్ పట్టేసే ప్రమాదం ఉంటుంది. అందుకని ఆ కాలం డ్రైవర్లు బ్రేక్ వేసే ముందు ఒక చెయ్యి వెనక్కి పెట్టి కార్బురేటర్ నోరు క్షణం మూసేవాళ్ళు. గాలి తగ్గి, పెట్రోలూ ఆయిలూ ఎక్కువగా లోపలికి పోయేవి. వంద కిలోమీటర్ల వేగంలో ఒంటిచేత్తో స్టీరింగ్, ఇంకో చేత్తో ఇంజిన్ గొంతు తడపడం!

అదే ఏడాది లె మాన్‌లో ప్రపంచ కార్టింగ్ పోటీల్లో ఆరో స్థానం. 1979లో పోర్చుగల్‌లోని ఎస్టోరిల్‌లో రెండో స్థానం. 1980లో బెల్జియంలోని నివెల్‌లో మళ్ళీ రెండో స్థానం. ఆ తరవాత కూడా ప్రయత్నించాడు. కార్టింగ్ ప్రపంచ ఛాంపియన్ మాత్రం ఎప్పటికీ కాలేకపోయాడు. మూడుసార్లు ఫార్ములా వన్ గెలిచిన మనిషికి, తను మొదలుపెట్టిన చోట పెద్ద కప్పు దక్కలేదు. ఎన్నో ఏళ్ళ తరవాత, 1993లో ఆస్ట్రేలియాలో, మీరు పోటీపడ్డవాళ్ళలో ఎవరితో ఎక్కువ తృప్తిగా అనిపించిందని విలేకరులు అడిగారు. అందరూ ప్రాస్ట్ పేరో, మాన్సెల్ పేరో వస్తుందనుకున్నారు. సెన్నా చెప్పింది కార్టింగ్ రోజుల్లో తన జట్టులోనే ఉన్న ఇంగ్లండ్ డ్రైవర్ టెర్రీ ఫుల్లర్టన్ పేరు. అప్పుడు డబ్బు లేదు, రాజకీయం లేదు, ఉత్త డ్రైవింగే ఉండేదన్నది అతని వివరణ.

పెద్ద ఇంజిన్లు

1981లో ఇంగ్లండ్ వెళ్ళాడు. ఫార్ములా ఫోర్డ్ 1600లో గెలిచాడు. గెలిచి కూడా ఆ ఏడాది చివర రేసింగ్ మానేస్తున్నానని ప్రకటించి బ్రెజిల్ వచ్చేశాడు, ఇంటి వ్యాపారం చూసుకోవడానికి. మనసు ఊరుకోలేదు. 1982లో మళ్ళీ వెళ్ళి ఫార్ములా ఫోర్డ్ 2000లో బ్రిటన్, యూరప్ టైటిళ్ళు రెండూ కొట్టాడు. బ్రెజిల్‌లో డ సిల్వా అనే ఇంటిపేరు వీధికి పదిమందికి ఉంటుంది. అందుకని అమ్మ పుట్టింటి పేరు సెన్నా పెట్టుకున్నాడు. 1983లో మార్టిన్ బ్రండల్‌తో చివరి రేస్ దాకా పోరాడి బ్రిటిష్ ఫార్ములా త్రీ గెలిచాడు.

1984లో టోల్‌మన్ అనే చిన్న జట్టుతో ఫార్ములా వన్‌లోకి వచ్చాడు. మొనాకోలో కుండపోత వాన. పెద్ద పెద్ద ఇంజిన్లవాళ్ళు జారిపోతుంటే ఈ కొత్త కుర్రాడు వెనకనుంచి ఒక్కొక్కరినీ దాటుకుంటూ రెండో స్థానానికి వచ్చి, ముందున్న ప్రాస్ట్‌ని దాదాపు పట్టుకోబోతుంటే రేస్ ఆపేశారు. 1985లో లోటస్ జట్టులో మొదటి విజయం. ఎస్టోరిల్‌లో, అదీ వానలోనే.

1988లో మెక్‌లారెన్‌కి వచ్చాడు. ఇంజిన్ హోండా. మన సబ్జెక్ట్‌కి సంబంధించిన మాట ఒకటి ఇక్కడ చెప్పాలి. ఆ కంపెనీ పెట్టిన సొయిచిరో హోండా కూడా 1946లో మొదలుపెట్టింది ఇలాంటి పనితోనే. సైన్యం వైర్‌లెస్ సెట్లకి కరెంటు ఇచ్చే చిన్న జనరేటర్ ఇంజిన్లు యుద్ధం తరవాత మిగిలిపోతే, వాటిని సైకిళ్ళకి బిగించి అమ్మాడు. జనరేటర్ ఇంజిన్ సైకిల్‌కి బిగించిన ముసలాయన, గడ్డి మిషన్ ఇంజిన్ కార్ట్‌లో పెరిగిన కుర్రాడు ఒకే కారు దగ్గర కలిశారు. ఆ ఏడాది 16 రేసుల్లో 15 మెక్‌లారెనే గెలిచింది. 8 సెన్నావి, 7 ప్రాస్ట్‌వి. ఛాంపియన్ సెన్నా. 1991 ఆగస్టు 5న హోండా గారు పోయారు. ఆరు రోజుల తరవాత జరిగిన హంగేరీ రేస్ సెన్నా గెలిచాడు.

1991లోనే సొంతవూరు ఇంటర్‌లాగోస్‌లో మొదటిసారి బ్రెజిల్ గ్రాండ్ ప్రీ గెలిచాడు. గేరుబాక్స్ పాడై ఒక్కొక్క గేరే పోయి, చివరి ల్యాపుల్లో ఆరో గేరు ఒక్కటే మిగిలింది. మలుపైనా, దారైనా ఆ ఒక్క గేరే. చిన్నప్పుడు గేర్లు లేని కార్ట్ నడిపినవాడు కాబట్టి, ఇంజిన్ వేగం పడిపోకుండా ఎలా కాపాడుకోవాలో ఒంటికి తెలుసు. గెలిచాక చేతులు పైకెత్తలేక, కారులోంచి ఎవరో దించాల్సి వచ్చింది. 1993లో ఇంగ్లండ్‌లోని డోనింగ్టన్‌లో అతని కారుది ప్రత్యర్థుల కంటే బలం తక్కువ ఫోర్డ్ ఇంజిన్. వాన పడుతోంది. బయల్దేరగానే ఐదో స్థానానికి పడిపోయి, మొదటి ల్యాప్ పూర్తయ్యేసరికి మొదటి స్థానంలో ఉన్నాడు. ఆ ల్యాప్ వీడియో మా టీమ్‌లో ఎన్నిసార్లు చూశామో లెక్కలేదు.

మచ్చలు కూడా చెప్పుకోవాలి. 1988 మొనాకోలో దాదాపు 50 సెకన్లు ముందున్నాడు. తగ్గించమని జట్టు చెప్పింది. తగ్గించగానే ధ్యాస చెదిరి గోడకి కొట్టాడు. 1990లో జపాన్‌లోని సుజుకాలో మొదటి మలుపులోనే కావాలని ప్రాస్ట్ కారుని గుద్దాడు. ఇద్దరూ రేస్ నుంచి పోయారు, టైటిల్ సెన్నాకి వచ్చింది. కావాలనే చేశానని ఏడాది తరవాత తనే ఒప్పుకున్నాడు. అంత వేగంలో ఇంకో మనిషి ప్రాణం మీదికి తెచ్చే పని అది. అభిమానులం కదా అని దాచకూడదు. యాక్సిలరేటర్ మీంచి కాలు తీయడం అతనికి చేతకాని రోజులు ఉన్నాయి.

గోడ సంగతి

ఇక మా సంగతి. కార్ట్ తయారైంది. బ్రేక్ ఉంది, సెంట్రిఫ్యూగల్ క్లచ్ ఉంది, రంగు కూడా వేశాం. కిల్ స్విచ్ ఒక్కటి మిగిలింది. ఇలాంటి ఇంజిన్‌కి బ్యాటరీ ఉండదు. మాగ్నెటో నుంచి స్పార్క్ వస్తుంది. మాగ్నెటో నుంచి వచ్చే ఒక వైరుని ఇంజిన్ బాడీకి తాకిస్తే స్పార్క్ ఆగిపోతుంది, ఇంజిన్ ఆగిపోతుంది. స్టీరింగ్ దగ్గర ఒక స్విచ్, రెండు మీటర్ల వైరు. గంట పని. రేపు చేద్దాంలే, ముందు ఒకసారి తిప్పి చూద్దాం అన్నది నేనే. ఈ వాక్యం రాయడానికే ఈ వ్యాసం మొదలుపెట్టానేమో.

టీమ్‌లో బరువు తక్కువ కాబట్టి ఫస్ట్ ఇయర్ జూనియర్‌ని కూర్చోబెట్టాం. హాస్టల్ వెనక ఖాళీ స్థలం. రెండు రౌండ్లు బాగా తిరిగాడు. మేం ఈలలు వేస్తున్నాం. మూడో రౌండ్‌లో యాక్సిలరేటర్ కేబుల్ ఇరుక్కుపోయింది. వాడు కాలు తీశాడు, ఇంజిన్ తగ్గలేదు. బ్రేక్ తొక్కాడు. ఇక్కడే గడ్డి మిషన్ ఇంజిన్ స్వభావం మా కొంప ముంచింది. దానికి గవర్నర్ ఉంటుంది. మందపాటి గడ్డి తగిలి ఇంజిన్ నెమ్మదిస్తే, గవర్నర్ దానంతటదే కార్బురేటర్ ఇంకా తెరిచి వేగం నిలబెడుతుంది. వాడు బ్రేక్ తొక్కిన కొద్దీ, గడ్డి తగిలిందనుకుని ఇంజిన్ ఇంకా బలంగా తోసింది. అంత వేగంలో సెంట్రిఫ్యూగల్ క్లచ్ కూడా వదలదు. కార్ట్ వెళ్ళి ప్రహరీ గోడకి కొట్టుకుంది. మణికట్టు దగ్గర ఎముక విరిగింది. మేం పెదవి విరిచిన 21 కిలోమీటర్ల వేగం అది.

గోడకి ఆనుకుని కూడా ఇంజిన్ మోగుతూనే ఉంది. దాన్ని ఎలా ఆపాలో మాకు తోచలేదు. పరిగెత్తుకొచ్చిన వర్క్‌షాప్ సార్ ఒక్క ఊపులో స్పార్క్ ప్లగ్ క్యాప్ లాగేశారు. అప్పుడు నిశ్శబ్దం. వాడి ఏడుపు అప్పుడు వినిపించింది.

స్పా, 1992

వాడికి ఆరు వారాలు కట్టు. ప్రతిరోజూ రూమ్‌కి వెళ్ళేవాణ్ణి. వాడు నన్ను ఒక్క మాట అనలేదు. అదే కష్టంగా ఉండేది. ఆ రోజుల్లోనే సెన్నా గురించి చదవడం మొదలుపెట్టాను. గెలిచిన రేసులన్నీ దాటుకుంటూ వెళ్ళి ఒక చోట ఆగిపోయాను.

1992 ఆగస్టు. బెల్జియంలోని స్పా ట్రాక్. అది రేస్ కూడా కాదు, ప్రాక్టీస్. ఫ్రాన్స్ డ్రైవర్ ఎరిక్ కోమస్ కారు భయంకరంగా గుద్దుకుని ట్రాక్ మధ్యలో ఆగింది. కోమస్‌కి స్పృహ లేదు. కాలు మాత్రం యాక్సిలరేటర్ మీదే ఉండిపోయింది. ఇంజిన్ గొంతు చించుకుని అరుస్తోంది. నిప్పంటుకుంటే మనిషి మిగలడు. వెనకనుంచి వచ్చిన సెన్నా తన కారు ఆపి, దిగి, ఇంకా ఇతర కార్లు వస్తున్న ట్రాక్ మీద పరిగెత్తాడు. మొదట చేసిన పని కోమస్ ఇంజిన్ ఆపడం. తరవాత డాక్టర్లు వచ్చేదాకా అతని తల కదలకుండా పట్టుకుని కూర్చున్నాడు. ఆ రోజు సెన్నానే తన ప్రాణం కాపాడాడని కోమస్ తరవాత చాలాసార్లు చెప్పాడు.

సుజుకాలో కాలు తీయని మనిషీ, స్పాలో తన కారు ఆపేసి పరిగెత్తిన మనిషీ ఒక్కడే. మధ్యలో రెండేళ్ళు. నాకైతే ఆ 41 విజయాల కంటే ఆ ఒక్క స్విచ్ ఆపడమే పెద్దదిగా కనిపించింది. మా గోడ దగ్గర అంతమందిమి ఉండి చేయలేని పని అది.

ఒక వెల్డింగ్

1994లో సెన్నా విలియమ్స్ జట్టుకి మారాడు. మే 1, ఇటలీలోని ఇమోలా. ముందురోజే ఆస్ట్రియా డ్రైవర్ రోలండ్ రాట్జెన్‌బెర్గర్ అదే ట్రాక్ మీద చనిపోయాడు. సెన్నా గెలిస్తే ఎగరేద్దామని ఆస్ట్రియా జెండా ఒకటి మడిచి తనతో కారులో పెట్టుకున్నాడు. ఏడో ల్యాప్‌లో తంబురెల్లో మలుపు దగ్గర కారు తిరగకుండా నేరుగా వెళ్ళి గోడని గుద్దింది. సస్పెన్షన్ ముక్క హెల్మెట్‌కి తగిలింది. సెన్నాకి 34 ఏళ్ళు. రేస్ ఆపేశాక ఆ చోటికి చేరిన డ్రైవర్లలో కోమస్ ఉన్నాడు. కారు ఆపాడు. తనకి సెన్నా చేసిన సాయం సెన్నాకి తను చేసే వీల్లేకపోయింది. రేస్ మళ్ళీ మొదలైనా అతను అందులో దిగలేదు.

కారులో స్టీరింగ్ కాలమ్ విరిగి కనిపించింది. కాక్‌పిట్‌లో చేతులకి చోటు చాలడం లేదని సెన్నా అడిగితే, అంతకుముందు ఆ కాలమ్‌ని కోసి మధ్యలో సన్నటి గొట్టం వెల్డ్ చేశారు. అది ముందే విరిగి కారు అదుపు తప్పిందా, గోడ తగిలాక విరిగిందా అన్నదాని మీద ఇటలీ కోర్టుల్లో ఏళ్ళతరబడి వాదనలు నడిచాయి. ఆ మార్పు సరిగ్గా డిజైన్ చేయలేదని 2007లో పై కోర్టు తేల్చింది. అప్పటికి శిక్ష వేసే గడువు దాటిపోయింది. ప్రమాదానికి అది కారణం కాదని వాదించే ఇంజినీర్లు ఇప్పటికీ ఉన్నారు. ఆ తీర్పు నేను చెప్పలేను. నాకు గుర్తుండిపోయింది ఒక్కటే. డ్రైవర్ సౌకర్యం కోసం చేసిన ఒక చిన్న కోత, ఒక వెల్డింగ్. అలాంటివి మన వర్క్‌షాప్‌లో రోజూ చేస్తాం. చేసి, రంగు వేసేస్తాం.

బ్రెజిల్ మూడు రోజులు సంతాపం పాటించింది. పేద పిల్లల చదువు కోసం ఏదైనా చేయాలని సెన్నా చివరి రోజుల్లో అక్క వివియానెతో మాట్లాడాడు. అదే ఏడాది ఆవిడ తమ్ముడి పేరుతో సంస్థ పెట్టి ఆ పని మొదలుపెట్టింది.

మళ్ళీ ఆ ఇంజిన్

మిల్టన్ డ సిల్వా కార్ట్ గురించి రాసినవాళ్ళంతా చాంపియన్ అక్కడ పుట్టాడని రాస్తారు. నాకు ఇప్పుడు వేరేగా కనిపిస్తుంది. నాలుగేళ్ళ కొడుకుని, అదీ అడుగు తడబడే కొడుకుని, తన చేత్తో బిగించిన ఇంజిన్ ముందు కూర్చోబెట్టిన తండ్రి కనిపిస్తాడు. బోల్టు బిగించేటప్పుడు అందులో కూర్చునేది ఎవరో ఆయనకి తెలుసు. నాకు ఆ రోజు తెలియలేదు. తెలుసనుకున్నాను గానీ తెలియలేదు.

మా జూనియర్ కట్టు విప్పించుకున్న వారానికి వర్క్‌షాప్‌కి వచ్చాడు. కార్ట్ ఎక్కడిదాకా వచ్చిందని అడిగాడు. ఫ్రేమ్ సరిచేశాం, ఇంజిన్ ఇంకా ఎక్కించలేదని చెప్పాను. ఈసారి మొదట బిగించింది కిల్ స్విచ్. ఒకటి స్టీరింగ్ దగ్గర, ఒకటి సీటు వెనక, బయట నిలబడ్డవాళ్ళకి అందేలా. కేబుల్ ఇరుక్కున్నా వెనక్కి లాగేలా పెడల్‌కి రెండో స్ప్రింగు వేశాం. గవర్నర్ పని ఏంటో కాగితం మీద గీసి గోడకి అంటించాం. ప్రతి వెల్డింగూ రంగు వేయకముందే సార్‌కి చూపించాం.

ఇంజిన్ ఎక్కించిన రోజు వెనక చక్రాలు గాలిలో ఉండేలా కార్ట్‌ని స్టాండ్ మీద పెట్టాం. ఆ రోజు అది ఒక్క మీటరు కూడా ముందుకి కదలలేదు. తాడు లాగడం, స్టార్ట్ చేయడం, స్విచ్ నొక్కి ఆపడం. సాయంత్రం దాకా అదే. ముందు నేను ఆపాను, తరవాత టీమ్‌లో ప్రతి ఒక్కరూ ఆపారు. చివరికి మా జూనియర్ వంతు వచ్చింది. కుడిచెయ్యి ఇంకా పూర్తిగా తిరగడం లేదు. ఎడమచేత్తో స్విచ్ నొక్కాడు. ఇంజిన్ ఆగిపోయింది. వాడు ఒక క్షణం వింటున్నట్టు నిలబడి, మళ్ళీ స్టార్ట్ చేయమన్నాడు.